మోరీ నిండితే ఎవరికి చెప్పాలి? వీధి దీపం వెలగకపోతే ఎవరిని అడగాలి?.. వీపనగండ్ల నుంచి వనపర్తి కలెక్టరేట్ దాకా ఒక అర్జీ నడిచే దారి

మీరు హైదరాబాద్‌లో ఉంటారు. అమ్మానాన్నలు వీపనగండ్లలో ఉంటారు. పొద్దున్నే ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడుతుంది. మోరీ నిండి మురుగు రోడ్డెక్కింది, పక్కనే నల్లా పైపు పగిలి నీళ్లు కారుతున్నాయి. పది నిమిషాల్లో ముప్ఫై మంది స్పందిస్తారు. ఒకరు కోపం బొమ్మ పెడతారు, మరొకరు ‘ఎవరూ పట్టించుకోరు’ అంటారు. సాయంత్రానికి గ్రూపులో ఇంకేదో చర్చ మొదలవుతుంది. మురుగు మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ ముప్ఫై మందిలో ఒక్కరు ఆ ఫొటోతో ఒక అర్జీ రాసి, సరైన ఆఫీసులో ఇచ్చి, రశీదు తీసుకుంటే ఏమవుతుంది? అన్నిసార్లూ పని వెంటనే అయిపోతుందని కాదు. కానీ అప్పటిదాకా ‘ఊళ్లో మాట’గా ఉన్న సమస్య, తేదీ, సంతకం ఉన్న కాగితమవుతుంది. మాటకు ఎవరూ జవాబు చెప్పాల్సిన పని లేదు. కాగితానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ కాగితం ఎలా రాయాలి, ఎక్కడికి పంపాలి, జవాబు రాకపోతే ఏం చేయాలి అన్నది చూద్దాం. వీపనగండ్లను ఉదాహరణగా తీసుకుంటున్నాం. మీది తెలంగాణలో ఏ గ్రామమైనా దారి దాదాపు ఇదే.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది ఎవరి పని?

వీపనగండ్ల మండల కేంద్రం. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు వనపర్తి జిల్లాలోకి వచ్చింది. అంటే ఇప్పుడు మీ కలెక్టరేట్ వనపర్తిలో ఉంటుంది. అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం కొల్లాపూర్. చాలా అర్జీలు ఆగిపోయేది ఇక్కడే. కరెంటు స్తంభం గురించి సర్పంచుకు, రేషన్ గురించి పంచాయతీ కార్యదర్శికి, బడి గోడ గురించి తహసీల్దారుకు ఇస్తుంటారు. వాళ్లు ‘మా పరిధి కాదు’ అంటారు. అది నిజమే కూడా.

స్థూలంగా పంపకం ఇలా ఉంటుంది:

• ఊరి లోపలి మోరీలు, చెత్త, వీధి దీపాల బల్బులు, ఊళ్లోని నల్లా పైపులు, శ్మశానవాటిక: గ్రామ పంచాయతీ. ముందుగా కలవాల్సింది పంచాయతీ కార్యదర్శిని.

• ఊరి ట్యాంకు దాకా రావాల్సిన నీరు అసలే రాకపోతే: మిషన్ భగీరథ ఇంజినీర్లు.

• వంగిన స్తంభం, కిందికి వేలాడే తీగ, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్: దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. ఫోన్ నంబరు 1912. స్తంభం వాళ్లది, దానికున్న బల్బు పంచాయతీది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

• ఊరి నుంచి ఊరికి వెళ్లే రోడ్డు: పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం. పెద్ద రోడ్లయితే రోడ్లు, భవనాల శాఖ. మీ రోడ్డు ఎవరిదో మండల పరిషత్ ఆఫీసులో అడిగితే చెబుతారు.

• రేషన్, భూమి, ధ్రువపత్రాలు: తహసీల్దారు కార్యాలయం.

• అంగన్‌వాడీ: మహిళా శిశు సంక్షేమ శాఖ. బడి: మండల విద్యాధికారి. ఆసుపత్రి: అక్కడి వైద్యాధికారి, ఆ పైన జిల్లా వైద్యారోగ్యాధికారి.

ఎవరి పనో తెలియకపోతే అర్జీ ఆపకండి. మండల పరిషత్ అభివృద్ధి అధికారికి, అంటే ఎంపీడీవోకు ఇవ్వండి. సంబంధిత శాఖకు పంపమని అందులోనే రాయండి.

నేనే చేసేస్తే పోదా?

కొన్ని పనులకు ఇదే సరైన ప్రశ్న. ఊరి పనులను మూడు రకాలుగా విడదీసుకుంటే తేలిక.

మొదటివి, మీరే చేయగలిగేవి. బడిలో పుస్తకాల అల్మరా పెట్టించడం, మొక్కకు కంచె కట్టడం, సెలవు రోజు నలుగురితో కలిసి బస్టాండు శుభ్రం చేయడం, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు పింఛను దరఖాస్తు నింపి ఇవ్వడం. వీటికి చొరవ చాలు.

రెండోవి, అడిగి చేయాల్సినవి. రోడ్డు గుంత పూడ్చడం, చెరువు కట్ట మీద మొక్కలు నాటడం, పంచాయతీ స్థలంలో బెంచీ వేయడం. స్థలం మీది కాదు కాబట్టి పంచాయతీ అనుమతి కావాలి. ఒక కాగితం మీద అడిగి, తీర్మానం చేయించుకుంటే రేపు ఎవరూ అడ్డు చెప్పరు.

మూడోవి, మీరు చేయకూడనివి, చేయించాల్సినవి. కరెంటు పని, నీటి ట్యాంకు లోపలి పని, పెద్ద పైపు తవ్వకం. వీటిలో మంచి మనసు ప్రాణం మీదికి తెస్తుంది.

రెండో రకానికి హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. రైల్వేలో ఇంజినీరుగా రిటైరైన గంగాధర తిలక్ కాట్నం, నగరంలో గుంతలు చూసి ఊరుకోలేక తన కారులో కంకర, తారు వేసుకుని తిరుగుతూ సొంతంగా పూడ్చడం మొదలుపెట్టారు. ఖర్చు తన పింఛను డబ్బుతోనే. ఆయనతో పాటు ఆయన భార్య కూడా ఈ పనిలో నిలబడ్డారు. పత్రికలు ఆయన్ను ‘రోడ్ డాక్టర్’ అన్నాయి. కాలక్రమంలో మున్సిపల్ కార్పొరేషన్ కూడా సామగ్రి ఇచ్చి సహకరించింది. చేసి చూపించిన వాళ్ల మాటకు ఆఫీసుల్లో విలువ పెరుగుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఇంకో సంగతీ ఉంది. ఒక మనిషి ఎన్ని గుంతలు పూడ్చినా, మళ్లీ గుంత పడకుండా రోడ్డు వేయాల్సింది ప్రభుత్వమే. అందుకే సొంత చొరవ, అర్జీ రెండూ కలిసి నడవాలి.

అర్జీలో ఏం రాయాలి?

ఆవేదన కాదు, వివరాలు. ‘మా ఊరిని ఎవరూ పట్టించుకోవడం లేదు’ అని రాస్తే దాని మీద ఏ అధికారీ ఏ చర్యా తీసుకోలేరు. ఒక్క పేజీ చాలు. అందులో ఐదు విషయాలు ఉండాలి:

1. సమస్య ఏమిటి: ఒక్క వాక్యంలో.
2. ఎక్కడ: వార్డు, వీధి, ఏ ఇంటికి లేదా ఏ గుడికి దగ్గర.
3. ఎప్పటి నుంచి: తేదీ లేదా సుమారు కాలం.
4. ఎవరికి ఇబ్బంది: ఎన్ని ఇళ్లు, బడి పిల్లలా, వృద్ధులా.
5. ఏం కావాలి: ఒక్కటే కోరిక, దానికొక గడువు.

ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘పంచాయతీ కార్యదర్శి గారికి నమస్కారం. మా వార్డులో ప్రాథమిక పాఠశాల వెనుక వీధిలో మూడు స్తంభాలకు వరుసగా దీపాలు లేవు. నెల రోజులుగా వెలగడం లేదు. ఈ దారిలో సుమారు ఇరవై ఇళ్ల వాళ్లు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు రాత్రి నడుస్తారు. దయచేసి పదిహేను రోజుల్లో దీపాలు వేయించగలరని మనవి. ఫొటోలు జత చేశాం. చేసిన పని గురించి కింది నంబరుకు తెలపగలరు.’

ఒకే అర్జీలో మోరీ, దీపం, రోడ్డు, పింఛను అన్నీ కలపకండి. నాలుగు సమస్యలుంటే నాలుగు కాగితాలు. కలిపి రాస్తే ఆ కాగితం ఏ బల్ల మీదా నిలవదు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ఊరికి వెళ్లలేకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ రశీదు దాచండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోకు విలువ లేదని కాదు, దాన్ని చూసినట్టు రుజువు మీ దగ్గర ఉండదు.

జవాబు రాకపోతే తర్వాతి మెట్టు ఏది?

మొదటి మెట్టు పంచాయతీ కార్యదర్శి, సర్పంచ్. రెండో మెట్టు మండల పరిషత్‌లో ఎంపీడీవో. మూడోది జిల్లా. వనపర్తిలో జిల్లా పంచాయతీ అధికారి, స్థానిక సంస్థల అదనపు కలెక్టర్, కలెక్టర్ ఉంటారు.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. అక్కడ ఇచ్చిన అర్జీని నమోదు చేసి సంబంధిత శాఖకు పంపుతారు. నమోదు నంబరు తప్పక అడిగి తీసుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు కథంతా మొదటి నుంచి చెప్పనక్కర్లేదు, ఆ నంబరు చూపిస్తే చాలు.

మీరు హైదరాబాద్‌లోనే ఉంటే ఇంకో దారి ఉంది. బేగంపేటలోని ప్రజాభవన్‌లో 2023 డిసెంబరు నుంచి ప్రజావాణి నడుస్తోంది. మంగళ, శుక్రవారాల్లో అర్జీలు తీసుకుంటారు. ఫోన్ నుంచే అయితే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ‘సీపీగ్రామ్స్’లో నమోదు చేయవచ్చు. రాష్ట్ర శాఖలకు సంబంధించినవి రాష్ట్రానికి పంపుతారు. 2024లో ఈ పోర్టల్‌లో ఫిర్యాదు పరిష్కార గడువును 30 రోజుల నుంచి 21 రోజులకు తగ్గించారు.

కానీ ఒక మాట. కింది మెట్టు ఎక్కకుండా పైమెట్టు మీదికి దూకితే, ఆ అర్జీ తిరిగి తిరిగి మీ కార్యదర్శి బల్ల మీదికే వస్తుంది. పైగా ‘మా దాకా రాకుండానే పైకి పోయారు’ అన్న మాట మిగులుతుంది. కింద ఇచ్చిన అర్జీ రశీదు నకలు జత చేసి పైకి వెళ్తే, మీ మాటకు బరువు వస్తుంది.

గ్రామసభను ఎందుకు వదులుకోకూడదు?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. దాని ప్రకారం పంచాయతీ పాలకవర్గం నెలకోసారి సమావేశం కావాలి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనులు – సంతల నిర్వహణ అంటూ నాలుగు స్థాయీ సంఘాలు ఉండాలి. ఒక్కో సంఘంలో 15 మంది ఊరి వాళ్లకు చోటుంటుంది. మీ వీధి దీపాల సంఘంలో ఎవరెవరున్నారో మీకు తెలుసా? చాలా ఊళ్లలో ఆ సభ్యులకే తెలియదు. ముందు ఆ పేర్లు అడగండి. ఖాళీలుంటే ‘నేను చేస్తాను’ అనండి. సర్పంచ్ కాకుండానే ఊరి పనిలో అధికారికంగా భాగం కావడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

గ్రామసభలో సభ్యులంటే ఆ ఊరి ఓటరు జాబితాలో ఉన్న వాళ్లు. మీ ఓటు హైదరాబాద్‌కు మారిపోతే మీరు అక్కడ సభ్యులు కారు. మీ అమ్మానాన్నలు మాత్రం సభ్యులే. సభ తేదీ ముందుగా తెలుసుకుని, వాళ్లు అడగాల్సిన ఒక్క ప్రశ్నను కాగితం మీద రాసివ్వండి. అడిగిన విషయం సభ తీర్మానాల పుస్తకంలో రాశారో లేదో చూడమనండి. అందులో లేని మాట, సభలో ఎంత గట్టిగా అన్నా, రేపటికి మిగలదు.

2024 ఫిబ్రవరి నుంచి తెలంగాణ పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉండేవి. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. ఇప్పుడు ప్రతి వీధికీ ఓటు అడిగిన మనిషి ఒకరున్నారు. వార్డు సభ్యుడిని వెంట తీసుకెళ్లి ఇచ్చిన అర్జీకి, ఒంటరిగా ఇచ్చిన దానికంటే ఎక్కువ బలం ఉంటుంది.

‘పైసల్లేవు’ అంటే ఏం చేయాలి?

అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. తెలుసుకోవడానికి ఫోన్ చాలు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న ‘ఈ-గ్రామ్ స్వరాజ్’ పోర్టల్‌ను ప్రారంభించింది. అందులో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే ఆ ఏడాది పంచాయతీ ప్రణాళికలో ఏ పనులు పెట్టుకుందో, ఎంత ఖర్చు చూపిందో కనిపిస్తుంది. లాగిన్ అవసరం లేదు.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించాలని షరతు పెట్టింది. కాబట్టి ఆ ఏళ్ల లెక్కల్లో మోరీకి, నల్లాకు ఏం ఖర్చయిందని అడిగే హక్కు ప్రతి ఊరి మనిషికీ ఉంది. ‘డబ్బులు ఏమయ్యాయి?’ అంటే గొడవ. ‘ఫలానా సంవత్సరం ప్రణాళికలో ఈ మోరీ పని ఉంది, ఏ దశలో ఉంది సార్?’ అంటే ప్రశ్న. రెండూ ఒకే విషయం అడుగుతాయి. రెండోదానికే జవాబు వస్తుంది.

సమాచార హక్కును ఎప్పుడు వాడాలి?

అర్జీ ఇచ్చి, నెల గడిచి, ఏమైందో ఎవరూ చెప్పనప్పుడు. సమాచార హక్కు చట్టం 2005 కింద మీరు పని చేయమని అడగలేరు. కాగితాల్లో ఏముందో అడగగలరు. చాలాసార్లు అదే పనిని కదిలిస్తుంది.

ఇలా అడగండి:

• ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీ మీద తీసుకున్న చర్యల వివరాలు, ఫైలు నకలు ఇవ్వండి.
• ఆ అర్జీ ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది?
• గత రెండేళ్లలో వీధి దీపాల కొనుగోలుకు పెట్టిన ఖర్చు, బిల్లుల నకళ్లు ఇవ్వండి.

‘ఎందుకు చేయలేదు?’ అని అడగకండి. రికార్డులో ఉన్నదే ఇస్తారు, మనసులో ఉన్నది కాదు.

మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న వాళ్లకు ఎక్కడైనా ఉచితం. దరఖాస్తు తెలుగులో రాయవచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. మీరు ఏ ఊళ్లో ఉన్నా, ఓటు ఎక్కడున్నా భారత పౌరులైతే చాలు. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఒకరి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. పొరపాటున వేరే ఆఫీసుకు పంపితే, వాళ్లే 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి.

జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. అదీ తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల వరకు జరిమానా వేయవచ్చు. ఆ డబ్బు కట్టాల్సింది ఆఫీసు కాదు, ఆ అధికారే.

ఈ హక్కులు లేనప్పుడు ఏం చేశారు?

ఇవాళ ఒక కాగితంతో అడుగుతున్న మాటను, ఒకప్పుడు అడగడానికి నల్లగొండ వాళ్లు ఎంత దూరం వెళ్లాల్సి వచ్చిందో చూడండి. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోతున్న ఊళ్లవి. బ్యాంకు ఉద్యోగం వదిలేసి దుశ్చర్ల సత్యనారాయణ జల సాధన సమితితో ఊరూరా తిరిగారు. అర్జీలు, ధర్నాలు కదిలించలేకపోయిన చోట, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి వందల మంది చేత నామినేషన్లు వేయించారు. చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్‌నే వాయిదా వేయాల్సి వచ్చింది. ‘మాకు తాగే నీళ్లు లేవు’ అన్న మాట అప్పుడు దేశమంతా విన్నది. ఆ ఏడాదే అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచుతూ చట్టం మారింది.

నీరు మాత్రం వెంటనే రాలేదు. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో, అప్పట్లో అదే నల్లగొండ జిల్లాలో ఉన్న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఇవాళ వీపనగండ్ల నల్లాలో నీళ్లు రాకపోతే ‘మిషన్ భగీరథ ఇంజినీరుకు చెప్పండి’ అని మనం తేలిగ్గా రాయగలుగుతున్నాం. ఆ ఒక్క వాక్యం వెనుక అంత మంది మొండితనం ఉంది.

ఒక్కరితో మొదలై ఊరంతా ఎలా అవుతుంది?

వరంగల్ దగ్గర గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. 1994లో అది వేరే పంచాయతీ అయింది. మొదట పట్టుకున్నది తాగునీరే. బాలవికాస స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుకు గ్రామస్తులు తమ వాటా డబ్బు కలిపి నీటి పథకం కట్టుకున్నారు. దాన్ని నడపడానికి ఒక కమిటీ వేసుకున్నారు. అది కుదిరాక పారిశుద్ధ్యానికి ఒకటి, మద్యం కట్టడికి ఒకటి, పొదుపుకు ఒకటి అంటూ ఒక్కో పనికి ఒక్కో కమిటీ పుట్టింది. ఇంటిపన్ను నూరు శాతం కట్టే ఊరుగా పేరొచ్చింది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకుంది. 2015 ఆగస్టు 17న రాష్ట్ర ప్రభుత్వం ‘గ్రామజ్యోతి’ కార్యక్రమాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టింది.

ఆ ఊరి నుంచి తీసుకోవాల్సింది పురస్కారాల సంగతి కాదు, పని జరిగిన వరుస. ముందు ఒక్క సమస్య, దానికి అందరి వాటా, దానికో కమిటీ, దానికో లెక్క. అది నడిచాక రెండోది. ‘మన ఊరి అభివృద్ధి సంఘం’ అని పేరు పెట్టుకుని ఇరవై డిమాండ్లతో మొదలైన గ్రూపులు చాలాసార్లు మూడో నెలకు మూగబోతాయి. ఒక మోరీతో మొదలైన వాళ్లు నిలుస్తారు. ఇంకోటి: ఇంటిపన్ను కట్టి, ఆ రశీదు పక్కన పెట్టుకుని అడిగే మనిషికి పంచాయతీలో ఎవరూ ఎదురు చెప్పలేరు. మీ ఇంటి బకాయి ఎంతుందో ముందు చూడండి.

ఊళ్లో అమ్మానాన్నలకు ఇబ్బంది అవుతుందేమో?

అసలు భయం ఇదే. అర్జీ రాయడం రాక కాదు చాలామంది ఆగేది. ‘నువ్వు పట్నంలో కూర్చుని కాగితం పంపుతావు, రేపు వాళ్ల ముఖాలు చూడాల్సింది మేము’ అని నాన్న అంటే దానికి జవాబు ఉండాలి. ఆ మాటను కొట్టిపారేయకండి. అర్జీ కంటే ముందు వాళ్లతో మాట్లాడండి. కొన్ని జాగ్రత్తలు కూడా పనిచేస్తాయి.

• కాగితం కంటే ముందు మాట. సర్పంచుకు, కార్యదర్శికి ఫోన్ చేసి ‘అన్నా, ఈ సమస్య ఉంది, అర్జీ రాసిస్తే మీకూ పైన అడగడానికి ఆధారం ఉంటుంది’ అని చెప్పండి. నిజంగానే చాలా సందర్భాల్లో వాళ్లకూ ఆ కాగితం అవసరం.

• ఫిర్యాదు స్తంభం మీద ఉండాలి, మనిషి మీద కాదు. అర్జీలో ఎవరి పేరూ, ఎవరి పార్టీ రాయకండి.

• ఒక్కరి సంతకం కంటే వీధిలోని పది ఇళ్ల సంతకాలు మేలు. అప్పుడది ఎవరో ఒకరి పగ కాదు, వాడకట్టు మాట అవుతుంది. ఇంటింటికీ తిరిగి సంతకాలు అడిగితే, ఏ ఇంట్లో ఇబ్బంది ఎక్కువగా ఉందో కూడా తెలుస్తుంది.

• సమాచార హక్కు దరఖాస్తును అమ్మానాన్నల పేరు మీద కాకుండా మీ పేరు మీద, మీ హైదరాబాద్ చిరునామాతో వేయండి.

• రుజువు లేకుండా ‘తిన్నారు’ అని గ్రూపుల్లో రాయకండి. అది పరువునష్టం దాకా పోవచ్చు. పైగా అసలు సమస్య పక్కకు పోయి, మీ మాట మీదే పంచాయితీ మొదలవుతుంది.

• ఫొటోల్లో పిల్లలు, ఆడవాళ్లు, ఇంటి లోపలి భాగాలు కనిపించకుండా చూడండి.

• చందాలు పోగుచేస్తే ఇద్దరి పేరున లెక్క రాసి, ప్రతి రూపాయీ గ్రూపులో చూపించండి. ఊళ్లో నమ్మకం ఒకసారి పోతే రెండో పని మొదలవదు.

ఇక పని అయిపోయిన రోజు ఇంకో కాగితం రాయండి. చిన్నదే. ‘దీపాలు వేయించినందుకు కార్యదర్శి గారికి, వార్డు సభ్యులకు, పని చేసిన సిబ్బందికి మా వీధి తరఫున ధన్యవాదాలు’ అని. ఫిర్యాదు పెట్టిన గ్రూపులోనే దాన్నీ పెట్టండి. ఏడాదంతా తిట్లే వినే ఆఫీసులో మీ రెండో అర్జీని చేతికి తీసుకునేటప్పుడు ఆ కాగితం గుర్తుంటుంది.

ఈ వారం మీరు చేయగలిగింది

ఊరికి ఫోన్ చేసినప్పుడు ‘బాగున్నారా’ తర్వాత ఇంకో ప్రశ్న అడగండి: ‘మన వీధిలో ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది ఏంది?’ వచ్చిన జవాబుల్లో ఒక్కటే ఎంచుకోండి. అది ఎవరి పనో పై జాబితాలో చూడండి. పగటి వెలుతురులో రెండు ఫొటోలు తీయించండి. ఒక పేజీ రాయండి. ఇచ్చిన తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టి, పదిహేనో రోజుకు ఒక గుర్తు, ముప్ఫయ్యో రోజుకు మరో గుర్తు పెట్టుకోండి. పదిహేనో రోజు ఫోన్ చేయడానికి, ముప్ఫయ్యో రోజు తర్వాతి మెట్టు ఎక్కడానికి. అర్జీలు చాలామంది ఇస్తారు. ఆ రెండో గుర్తు మోగినప్పుడు లేచి వెళ్లేవాళ్లు తక్కువ. పనులు కదిలేది వాళ్ల వల్లే.